నినోస్కా బావి

బరువైనవి అడుగున ఉండాలని యొలేదా, చేతికి ముందు అందాల్సినవి పైన ఉండాలని నినోస్కా, ఇద్దరూ కలిసి ఆ నీలం సంచీని మూడోసారి మంచం మీద బోర్లించారు. తెల్ల బూట్లు, రెండు పంట్లాములు, నాలుగు చొక్కాలు, సగం అరిగిన సబ్బు, ముసలివాళ్ళను చూసుకోవడంలో తర్ఫీదు పొందినట్టు చర్చివాళ్ళు ఇచ్చిన కాగితం. ఆ కాస్త సామానుకే జిప్పు పడటం లేదు.

"లోపలి బట్టలు ఇన్నెందుకే కొమాద్రే? కొలంబియాలో ఉండేది ఆరు నెలలే కదా."

"ఉన్నవన్నీ పెట్టు. చిరిగినవి కూడా పెట్టు. నేను చూసుకోబోయే ముసలాయనకి కళ్ళు కనపడవట."

యొలేదా నవ్వింది గాని, మడతపెట్టిన చొక్కాను మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఎవరు ప్రయాణమైనా ఆమెకు ఇంతే. చేతులు ఏదో ఒక పని కల్పించుకుంటాయి. పని పూర్తయితే మనిషి లేచి వెళ్ళిపోతుందని భయం.

యొలేదా కూతురికి జ్ఞానస్నానం చేయించిన రోజున బిడ్డను నీళ్ళ మీద పట్టుకున్నది నినోస్కా. ఆనాటినుంచీ ఇద్దరి మధ్యా పేర్లు పోయి కొమాద్రే అన్న పిలుపే మిగిలింది. కూతురు పెళ్ళి చేసుకుని వలేరా వెళ్ళిపోయింది. పిలుపు మాత్రం ఈ సందులోనే ఉండిపోయింది.

కొలంబియా పీసో నోట్లను చిన్న మడతలుగా చేసి యొలేదా ఆమె లోపలి బాడీ అంచులో పెట్టి కుట్టింది. సరిహద్దు దగ్గర అడ్డదారి మీద కాపలావాళ్ళు సంచీ వెతుకుతారు, జేబులు వెతుకుతారు. కుట్లు విప్పే ఓపిక వాళ్ళకుండదు. దారం పళ్ళతో కొరికి, ముడి మీద వేలితో రాసి చూసింది.

"గుచ్చుకుంటోందా?"

"డబ్బు ఎక్కడ గుచ్చుకున్నా సుఖంగానే ఉంటుందే," అంది నినోస్కా. ఆ వెంటనే గొంతు మార్చి, "నవంబరులో చినీతా మాత పండక్కి సెలవు మీద వచ్చేస్తాను. నేను లేకపోతే పాటలు తప్పుగా ఎవరు పాడతారు చెప్పు?" అంది.

తన ఇంటి తాళంచెవి తీసి యొలేదా అరచేతిలో పెట్టింది. వారానికోసారి కిటికీలు తెరవమంది. కుళాయి వస్తే పైన ట్యాంకు నింపమంది. రేకుల మీద పడ్డ మామిడిపళ్ళు ఏరుకుని తినమంది. "ఆ రేకులు కొనడానికి రెండేళ్ళు డ్రాగన్లను చంపాను. ఒక్కటి ఊగినా మేకు కొట్టించు."

అవతల యొలేదా వాకిట్లో కుర్చీలు లాగిన చప్పుడైంది. అందరూ వచ్చారు.

"ఇక బావి సంగతి చూద్దాం పద," అంది నినోస్కా.

మరకైబో ఊళ్ళోని ఆ సందులో బావి అంటే నీళ్ళ బావి కాదు. కంప్యూటరు ఆటలో ఒక ఖాతా పేరు. సందులో నినోస్కాతోపాటు ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు ఆ ఆట మీదే బతుకుతున్నారు. పచ్చ డ్రాగన్లను చంపి, వాటి తోళ్ళూ ఎముకలూ ఆటలోని సంతలో అమ్మి బంగారం చేస్తారు. ఆ బంగారాన్ని డ్రాగన్లను చంపే ఓపిక లేని దూరదేశాల ఆటగాళ్ళకు డాలర్లకు అమ్ముతారు. బంగారం తెర మీద తప్ప ఎక్కడా లేదు, దానితో వచ్చిన మొక్కజొన్న పిండీ మందులూ మాత్రం నిజంగానే ఇళ్ళలో ఉన్నాయి. ఇలా అమ్ముతున్నారని కంపెనీ పసిగడితే ఖాతా మూసేస్తుంది. అందులో ఉన్నదంతా పోతుంది. అందుకని ఎవరూ సంపాదనను డ్రాగన్లతో పోరాడే ఖాతాలో ఉంచుకోరు. సాయంత్రమయ్యేసరికి తీసుకుపోయి, ఎన్నడూ కత్తి పట్టని, ఏళ్ళనాటి పాత ఖాతా ఒకదానిలో పోసి వస్తారు. ఆ ఖాతా నినోస్కాది. తెర మీద అది బూడిదరంగు అంగీ వేసుకున్న బట్టతల సన్యాసి. ఖజానా గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు, ఎక్కడికీ కదలడు. అన్ని ఇళ్ళ బంగారమూ ఆయన దగ్గరే.

వెళ్ళే మనిషి దారిలో నెట్టు లేకుండా బావిని ఎలా కాపాడుతుంది? అందుకని యొలేదాకి అప్పగించాలని సందు అంతా అనుకున్నారు. యొలేదా ఇంట్లో బల్ల మీద, బడిపిల్లలకు ప్రభుత్వం పంచిన చిన్న లాప్‌టాపు ఉంది. దాని ముందు యొలేదా కూర్చుంటే, నినోస్కా వంగి ఆమె చెవిలో పాస్‌వర్డ్ చెప్పింది. యొలేదా ఒక్క వేలితో, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క అక్షరమే కొట్టింది. సన్యాసి తెర మీదికి వచ్చాడు.

"ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చేయండి సెన్యోరా యోలే," అన్నాడు విల్కర్. మోటారుసైకిళ్ళు బాగుచేసే కుర్రాడు, కొనేవాళ్ళతో బేరం మాట్లాడేది అతనే. "మంచికే చెబుతున్నా. రేపు ఎవరూ ఎవర్నీ ఏమీ అనుకోకుండా ఉంటారు."

"మార్చుకో కొమాద్రే," అంది నినోస్కా. అంటూ తన సంచీ వైపు చూసింది.

యొలేదాకి ఒళ్ళు మండింది. "నా బిడ్డను నీళ్ళ మీద పట్టుకున్న మనిషి ఎదుట తాళం మార్చమంటావా? ఆమె ఇంకా గుమ్మం దాటనేలేదు! జ్ఞానస్నానం నాడు ఫాదరు నాలిక మీద పెట్టే ఉప్పు నీకు ఎక్కువైనట్టుంది, నోరు మూసుకో."

అందరూ నవ్వారు. విల్కర్ కూడా నవ్వి చేతులెత్తేశాడు. పక్కింటి ముసలామె సెన్యోరా డెక్సీ, "అదీ మర్యాదంటే," అని తలాడించింది. ఊయలమంచంలో పడుకుని ఉన్న నేరియో మాత్రం నవ్వలేదు. యొలేదా మొగుడు అతను. సాయంత్రం వంతు డ్రాగన్లు అతనివి, పగలు నిద్రపోతాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు గాని ఊయల ఆగి ఉంది.

సరిహద్దు అవతల మైకావుకి వెళ్ళే పాత పొడుగు కారు సందు చివర హారన్ కొట్టింది. అప్పటికే అందులో ఆరుగురున్నారు. సంచీని డిక్కీలో పెట్టనివ్వకుండా నినోస్కా ఒళ్ళో పెట్టుకుంది. కాగితంలో చుట్టిన మందోకాలను యొలేదా కిటికీలోంచి అందించింది. అరటిపండు కలిపిన మొక్కజొన్న పిండితో చేసి వేయించిన ఆ చుట్టలు ఇంకా వేడిగానే ఉన్నాయి.

"వెళ్ళి కూర్చో. ఎండలో నిలబడకు," అంది నినోస్కా.

కారు మలుపు తిరిగాక కూడా యొలేదా అక్కడే నిలబడింది. సందు ఖాళీ అయింది. డెక్సీ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోవాల్సి వచ్చింది.

మర్నాడు, బుధవారం, కరెంటు పొద్దున్నే వచ్చింది. వచ్చిందంటే కూర్చోవాలి, మళ్ళీ ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. యొలేదా తడిగుడ్డ మెడకు చుట్టుకుని డ్రాగన్ల మైదానానికి వెళ్ళింది. కొట్టడం, తోలు ఏరడం, ఎముకలు ఏరడం, మళ్ళీ కొట్టడం. కళ్ళు మాత్రం డ్రాగన్ మీద ఉండకూడదు, తెర అంచుల మీద ఉండాలి. దోపిడీగాళ్ళు అంచుల్లోంచే వస్తారు. ఎవరైనా కనపడగానే ‘పానా’ అని కొట్టాలి. అవతలివాడూ ‘పానా’ అంటే మనవాడే, ఇంకో ఇంట్లో ఇలాగే చెమటోడుస్తున్నవాడు. కొట్టడు. ఏమీ అనకపోతే ఏరినవి వదిలేసి పరుగెత్తాలి. ఆ రోజు ముగ్గురు పానాలు కనపడ్డారు. ఒకడు, "మా దగ్గర పోయింది, మీకు ఉందా కరెంటు?" అని అడిగి, జవాబు వచ్చేలోగానే మాయమైపోయాడు.

ఏరినదంతా సాయంత్రం సన్యాసికి అప్పగించి, లేచి నేరియోకి కుర్చీ ఇచ్చింది. అతను కుర్చీని సరిచేసుకుంటూ, "నువ్వు తిని పడుకో. బాగా అలిసిపోయావు," అన్నాడు. నెత్తి మీద చెయ్యి కూడా వేశాడు. ఈ మధ్య అతను అంత మెత్తగా మాట్లాడింది లేదు. కొమాద్రే వెళ్ళిన దిగులు కనిపెట్టాడనుకుని యొలేదా హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం బేరం కుదిరింది. ఎప్పుడూ కొనేవాడే మొత్తం ఒకేసారి తీసుకుంటానన్నాడు. డెక్సీకి చక్కెర జబ్బు సూదిమందు అయిపోవచ్చింది. విల్కర్‌కి బండి చక్రం కావాలి. యొలేదాకి బ్యాటరీ, ఇన్వర్టరు కావాలి. అవి ఉంటే కరెంటు పోయినా డ్రాగన్లు ఆగవు. ముగ్గురూ తెర చుట్టూ చేరారు. యొలేదా పెదాలు కదుపుతూ పాస్‌వర్డ్ కొట్టింది. సన్యాసి గుమ్మం దగ్గరే ఉన్నాడు. ఖజానా తెరిచింది.

లోపల ఒక పచ్చి చేపా, ఒక కర్ర గరిటా ఉన్నాయి.

"ఇది కాదు. ఇంకో గదిలో ఉంటుంది, చూడు," అంది డెక్సీ.

"ఇంకో గది లేదు సెన్యోరా," అన్నాడు విల్కర్.

"ఉంటుంది. కిందకి లాగు. కిందకి లాగవే!"

విల్కర్ యొలేదా చేతిలోంచి మౌసు లాక్కుని అన్నీ తెరిచాడు. మూసి మళ్ళీ తెరిచాడు. చేపా, గరిటా. నినోస్కా ఎప్పుడో ఆట కొత్తలో పట్టిన చేప అది.

ఊయలలోంచి నేరియో లేచి వచ్చాడు. వాళ్ళ భుజాల మీదుగా వంగి చూశాడు. "ఖాళీనా?" అన్నాడు. వెళ్ళి కూజాలోంచి నీళ్ళు వంచుకున్నాడు. తాగలేదు. తిరిగి కూజాలోనే పోసేశాడు.

విల్కర్ నినోస్కా ఫోనుకి చేశాడు. మోగలేదు. దారంతా ఫోను ఆపి చంకలో దాచుకుంటానని ఆమె ముందే చెప్పింది. ఆ సంగతి యొలేదా గుర్తుచేస్తే విల్కర్ పళ్ళు కొరికాడు.

"అవును మరి, ఆపుకోకేం చేస్తుంది? నేను ఆ రోజే మొత్తుకున్నాను. నోరు మూసుకోమన్నారు."

"కొమాద్రే అలాంటి పని చెయ్యదు."

"పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు?"

"ఆమెకీ, నాకూ."

అందరి కళ్ళూ ఆమె వైపు తిరిగాయి. తన మాట తన మెడకే చుట్టుకుందని యొలేదాకి అప్పుడు తెలిసింది. డెక్సీ ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

"నువ్వు కాదులే. నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. చిన్నప్పటినుంచీ చూస్తున్నాను."

"దారి ఖర్చు ఎక్కువ కదా," అన్నాడు నేరియో నెమ్మదిగా. "మనిషి ఎంత మంచిదైనా, అడ్డదారి మీద ఎవడో తుపాకీ చూపించి అడిగితే…" మిగతాది వాళ్ళకే వదిలేశాడు.

ఆ సాయంత్రం వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నాలుగో ఇంటివాళ్ళు కూడా వచ్చారు. విల్కర్ అప్పటికే సందు వాళ్ళందరూ మాట్లాడుకునే ఫోను గ్రూపులోంచి నినోస్కాని తీసేశాడు. మాటలు మొదట ఆమె గురించి నడిచాయి, తర్వాత ఆమె ఇంటి గురించి. ఫ్రిజ్ ఉంది. నీళ్ళ ట్యాంకు ఉంది. పైన కొత్త రేకులు ఉన్నాయి. మరకైబోలో ఇప్పుడు రేకు దొరకాలంటే బతిమాలాలి.

"ఆమె తిరిగొస్తుంది. పండక్కి వస్తుంది," అంది యొలేదా.

"వస్తే మంచిదే. లెక్క చెప్పి, తన రేకులు తను పట్టుకుపోతుంది," అంది డెక్సీ. ఆ గొంతులో కోపం లేదు. ఆమె సూదిమందు సీసాను పాత దుప్పటి ముక్కలో చుట్టి, చల్లదనం కోసం మట్టికుండ మీద పెట్టుకుంటోంది. ఆ సీసాలో ఎంత మిగిలిందో అక్కడ అందరికీ తెలుసు.

"రేకులు నేను విప్పుతాను," అన్నాడు నేరియో.

ఆదివారం పూజ అయ్యాక తాళం తియ్యాలని అనుకున్నారు. తాళంచెవి యొలేదా మెడలో, సిలువ గొలుసుకే వేలాడుతోంది.

శనివారం పొద్దెక్కాక కరెంటు వచ్చింది. డ్రాగన్ల దగ్గరికి వెళ్ళడానికి ఆమెకు మనసొప్పలేదు. ఊరికే బావి తెరిచింది. ఎవరో వెళ్ళిపోయిన ఇంట్లో, ఏమీ లేదని తెలిసి కూడా, కాసేపు కూర్చుని రావాలనిపించినట్టు. సన్యాసి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. జనం అతన్ని దాటుకుంటూ ఖజానాలోకి పోతున్నారు, వస్తున్నారు.

తెర అడుగున ఒక వరస వెలిగింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు సన్యాసికి కబురు పంపాడు. స్పానిషులోనే రాశాడు.

"ఏం అన్నా, మళ్ళీ వచ్చావా?"

యొలేదా వేలు గాల్లోనే ఆగింది. తర్వాత కొట్టింది: "ఎవరు?"

"అప్పుడే మర్చిపోయావా! పాచికల గుడారంలో, మొన్న బుధవారం రాత్రి. అంత బంగారం ఒక్కడి దగ్గర నేను చూడలేదు. ఇంకా ఏమన్నా మిగిలిందా?"

ఆటలో ఉత్తరం కొసన పాచికల గుడారాలున్నాయని ఆమె విన్నది. బంగారం ఒడ్డి పాచికలు వేస్తారక్కడ. సందువాళ్ళు అటు పోకూడదని మొదట్లోనే కట్టుబాటు చేసుకున్నారు. ఆమె జవాబు రాయకపోయేసరికి అవతలివాడే మళ్ళీ రాశాడు.

"బాధపడకు అన్నా. చివర్లో నువ్వే అన్నావు కదా, మా ఆవిడ లేచేలోపు ఇంకొక్కటి అని. లేచిందా?"

వెనక ఊయల తాళ్ళు కిర్రుమన్నాయి. నేరియో నిద్రలో అటునుంచి ఇటు తిరిగాడు. అతని కాలు ఒకటి బయటికి వేలాడుతోంది. మడమ పగిలి, తెల్లగా, ఎప్పటిలాగే ఉంది.

యొలేదా ఒక్కొక్క అక్షరమే కొట్టింది. ఈసారి పెదాలు కదపలేదు.

"లేచింది."

తెర మూసేసి వెళ్ళి ఊయల తాడు పట్టుకుని నిలబడింది. ఎంతసేపు నిలబడిందో. నేరియో కళ్ళు తెరిచి ఆమెను చూసి, నవ్వబోయి ఆగిపోయాడు.

"బుధవారం నేను పడుకున్నాక ఎక్కడికెళ్ళావు?"

"ఎక్కడికెళ్తాను? ఇంట్లోనే ఉన్నాను."

"సన్యాసిని తీసుకుని ఎక్కడికెళ్ళావు నేరియో?"

అతను లేచి కూర్చున్నాడు. కాళ్ళు నేలకు ఆనించి, వాటినే చూసుకున్నాడు.

"మొదట గెలిచాను యోలే," అన్నాడు. "చాలా గెలిచాను. నువ్వు చూసి ఉంటే... బ్యాటరీ వచ్చేసింది, ఇన్వర్టరు వచ్చేసింది, డెక్సీకి ఏడాది మందు వచ్చేసింది. పొద్దున నువ్వు లేవగానే చెబుదామని కాఫీ కూడా పెట్టి ఉంచాలనుకున్నాను."

"తర్వాత?"

"తర్వాత పోయింది కదా. పోయింది తిరిగి రాబట్టాలి కదా."

"పాస్‌వర్డ్ నీకెవరు చెప్పారు?"

"నువ్వే. కొట్టేటప్పుడు పెదాలు కదుపుతావు."

యొలేదా తలుపు వైపు చూపించింది. "వెళ్ళి చెప్పు. ఇప్పుడే వెళ్ళు."

"చెబితే విల్కర్ నన్ను బతకనిస్తాడా? ఈ ఇల్లు తీసుకుంటారు. మనం ఎక్కడికి పోతాం, వలేరా పోయి అల్లుడి గుమ్మంలో కూర్చుంటామా?" గొంతు తగ్గించాడు. "ఆమె అవతల ఉంది యోలే. ఆమెకు జీతం వస్తుంది. ఇక్కడ ఎవరేమనుకున్నా ఆమె ఒంటికి తగలదు."

"రేకులు విప్పుతానని నువ్వే అన్నావు."

"ఎవరో ఒకరు విప్పాలి కదా. నేనైతే జాగ్రత్తగా విప్పుతాను."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. అది ఆమెకు తెలుసు. అలాగే చెప్పులు వేసుకుని డెక్సీ ఇంటికి నడిచింది. చెప్పేయడానికే నడిచింది. దారి పొడుగునా మాట నోట్లోనే ఉంది.

డెక్సీ తలుపు తీసింది. ఏమీ అడగకుండా కాఫీ వంచి ఇచ్చింది. చక్కెర లేని కాఫీ. బల్ల మీద సూది, దూది. పొట్ట మీద పొడుచుకోబోతూ లేచినట్టుంది.

"కొమాద్రే చేసి ఉండదు," అంది యొలేదా.

"మరెవరు?"

కప్పు వేడిగా ఉంది. యొలేదా దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. డెక్సీ సూదిని వెలుతురుకి ఎత్తి, గోటితో మీటి గాలిబుడగ తీస్తూ ఎదురుచూసింది.

"తెలీదు," అంది యొలేదా.

అంత బరువు మోసుకుని వచ్చిన మనిషికి ఆ మాట ఎంతో తేలిగ్గా వచ్చింది. డెక్సీ తల ఊపి సూది పొడుచుకుంది.

ఆదివారం పూజనుంచి వచ్చి తలమీది గుడ్డ తీస్తుండగా ఫోను మోగింది. నినోస్కా తన గొంతు రికార్డు చేసి పంపింది. యొలేదా వంటింట్లోకి పోయి, చెవికి ఆనించుకుని విన్నది.

"కొమాద్రే! చేరానే. కుట్లు ఎవడూ విప్పలేదు, నీ చేతికి ముద్దులు. కాళ్ళు మాత్రం గుమ్మడికాయల్లా వాచిపోయాయి. ముసలాయనకి కళ్ళు కనపడవన్నారు కదా, పచ్చి అబద్ధం. అన్నీ కనపడతాయి. ఇంత వెడల్పు మనిషిని పంపారేమిటి, తిండి ఎక్కడ తేను అంటున్నాడు. మంచివాడే, నవ్వుతాడు. ట్యాంకు నింపావా? శుక్రవారం బేరం అయిందా? నా వాటాలోంచి ముందు డెక్సీకి మందు కొని ఇచ్చెయ్యి, అడగదు, మొహమాటం మనిషి. నాది తర్వాత చూసుకుందాం. విల్కర్ గ్రూపులో నేను కనపడటం లేదు, వాడికి చెప్పు, ఏదో తప్పు నొక్కి ఉంటాడు గాడిద. మాట్లాడవే. నీ గొంతు వినాలని ఉంది."

యొలేదా రెండోసారి విన్నది. మాట్లాడటానికి మీట నొక్కి పట్టుకుంది. తన ఊపిరే వినపడింది. వదిలేసింది. మళ్ళీ నొక్కింది.

"అంతా బాగుంది కొమాద్రే," అంది. "కాళ్ళు ఉప్పునీళ్ళలో పెట్టుకో."

పంపేసి, ఫోను పిండి డబ్బాలో పెట్టి మూత వేసింది.

అందరూ అప్పటికే నినోస్కా ఇంటి ముందున్నారు. తాళం బిగుసుకుంటే విల్కర్ నూనె చుక్క వేశాడు. లోపల మంచం మీద దుప్పటి నలగకుండా ఉంది. మూడుసార్లు సంచీ బోర్లించిన చోటు అదే. ఫ్రిజ్‌ను విల్కరూ నాలుగో ఇంటివాళ్ళూ ఎత్తారు. గుమ్మం దాటించేటప్పుడు గోడ గీసుకుంటే, "మెల్లగా, మెల్లగా!" అని డెక్సీ తన ఇల్లే అన్నట్టు కేకలేసింది. ఆ తర్వాత యొలేదా దగ్గరికి వచ్చింది.

"నినోస్కా ఏమన్నా పలికిందా?"

"లేదు."

"పలకదు," అంది డెక్సీ. ఆమె కళ్ళు తడిశాయి. "నా ఒళ్ళో కూర్చుని జడ వేయించుకున్న పిల్ల అది, తెలుసా? నాకు మందు పోయినందుకు కాదే ఏడుపు."

నేరియో నిచ్చెన వేశాడు. నేల ఎగుడుదిగుడుగా ఉంది, నిచ్చెన ఊగింది. ఎవరో ఒకరు పట్టుకోవాలి. యొలేదా వెళ్ళి పట్టుకుంది.

అతను ఎక్కాడు. నిజంగానే జాగ్రత్తగా విప్పాడు. మేకు తల కింద కట్టె ముక్క పెట్టి, రేకు సొట్టపోకుండా, సుత్తి కొక్కెంతో ఒక్కొక్కటే పైకి తీశాడు. వంగిన మేకులను అక్కడే రాయి మీద కొట్టి తిన్నగా చేసి, జేబులో వేసుకున్నాడు. రేకు అంచు చేతికి గీసుకుంటే రక్తం నోటితో పీల్చి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ రోజు అక్కడున్న మగవాళ్ళలో అంత శ్రద్ధగా పని చేసినవాడు లేడు. ఎండిన మామిడి టెంకలు దొర్లుకుంటూ వచ్చి యొలేదా భుజం మీద పడ్డాయి. ఆమె తల ఎత్తలేదు. రెండు చేతులతో నిచ్చెన కర్రలను పట్టుకుని, మెట్టు మీద అతని పాదం ఎక్కడ పడుతోందో అదే చూస్తూ నిలబడింది.

రేకు ఒక్కొక్కటే దిగుతుంటే ఇంట్లోకి ఎండ ముక్కలుగా పడింది. ముందు పొయ్యి మీద, తర్వాత గోడ మీది చినీతా మాత పటం మీద, చివరికి మంచం మీద.

"ఎంత బుద్ధిగా పని చేస్తాడే నీ మొగుడు," అంది డెక్సీ.

పంపకాలు వాకిట్లోనే అయ్యాయి. ట్యాంకు డెక్సీకి, అమ్ముకుంటే మందు వస్తుందని. ఫ్రిజ్ విల్కర్‌కి. రేకులు ఇంటింటికీ. నేరియో, "మాకేం వద్దు," అన్నాడు. విల్కర్ ఒప్పుకోలేదు. "మీకూ పోయింది కదా సెన్యోర్, అందరికంటే ఎక్కువ పోయింది. మీ వంటిల్లు కారుతోంది కూడా," అని రెండు మంచి రేకులు ఏరి తనే మోసుకొచ్చి గోడకు ఆనించి పోయాడు. సాయంత్రం నేరియో వాటిని వంటింటి మీద వేశాడు. తిన్నగా చేసిన మేకులు సరిపోయాయి.

వానలు మొదలయ్యాక ఆ వంటిల్లు కారలేదు. సందులో కొత్త బావి పెట్టుకున్నారు, ఈసారి విల్కర్ పేర. యొలేదా పగటి వంతు డ్రాగన్లకు పోతూనే ఉంది. నేరియో ఆమెతో మెత్తగానే మాట్లాడేవాడు, ఆమెకన్నా ముందే లేచి కాఫీ పెట్టేవాడు. ఆమె తాగేది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మాత్రం ఎడమచేత్తో నోరు మూసుకునేది.

నినోస్కా గొంతులు కొన్నాళ్ళు వస్తూనే ఉన్నాయి. ముసలాయన కబుర్లు, కొలంబియా చీజు ఎంత చప్పగా ఉందో, పండక్కి సెలవు అడిగిన సంగతి. యొలేదా అన్నిటికీ బాగుంది, బాగుంది అని జవాబు చెప్పేది. అక్టోబరులో నాలుగో ఇంటివాళ్ళ అమ్మాయి ఎవరికో పంపిన ఫొటో చేతులు మారి నినోస్కా దాకా పోయింది. కప్పు లేని ఇల్లు, వాకిట్లో పేర్చిన రేకులు, చుట్టూ జనం. నిచ్చెన దగ్గర ఎవరో ఉన్నారు గాని, వెలుతురు వెనకనుంచి పడి మొహం నల్లగా వచ్చింది.

ఆ రోజు వచ్చిన గొంతు చాలా చిన్నది. వెనకాల ఏదో కుళాయి కారుతున్న చప్పుడు.

"ఆ నిచ్చెన పట్టుకున్నది నువ్వు కాదని చెప్పు కొమాద్రే."

యొలేదా మీట నొక్కి పట్టుకుంది. వదిలేసింది. మర్నాడు కూడా నొక్కి, వదిలేసింది. ఆ తర్వాత అటునుంచి ఏమీ రాలేదు.

నవంబరులో పండగ అయింది. పాటలు పాడారు. నినోస్కా రాలేదు. ఆ మరుసటి ఏడు పండక్కీ రాలేదు. 2019 ఆగస్టు ఆరు, మంగళవారం నాడు వెళ్ళిన నినోస్కా మళ్ళీ ఆ సందుకు రానే లేదు.